ఆమేన్ దాకా

నందిగామ,
20-11-1966

సౌభాగ్యమ్మక్కకు నీ తమ్ముడు శాంతయ్య ప్రభువు పేరిట వందనాలు చెప్పుకుని రాసేది. ఇక్కడ నేనూ, నీ మరదలు పుల్లమ్మా, పిల్లలూ ఒంట్లో బాగానే ఉన్నాం. చందర్లపాడులో నువ్వూ, స్తెఫను బావా వేళకింత అన్నం తింటున్నారని తెలిస్తే మాకదే చాలు.

నీ ఉత్తరం బుధవారం అందింది. ఎస్తేరు పెట్టె ఎప్పుడు పంపుతావని అడిగావు. శనివారం బస్సులో నేనే తెస్తా. లంగాఓణీలూ, ఎనిమిదో తరగతి పుస్తకాలూ ఉన్నాయి. అట్టలు తనే వేసుకుంది. బావ మిరపతోటకు ముడత పట్టిందన్నావు, ఆలస్యం చెయ్యకుండా మందు కొట్టించమను. నా గొంతు నయమైందా అన్నావు. గొంతుకేం రోగం లేదక్కా. గుడిలో ప్రార్థన చెయ్యమంటారని గొంతు పోయిందని చెప్పుకు తిరుగుతున్నా.

ఇక నువ్వు చివర రాసిన మాట. “ప్రార్థన మధ్యలో లేచి నీళ్ళలోకి పోయిన పిల్ల. దేవుణ్ణి లెక్కచెయ్యని దాని పేరున జ్ఞాపకార్థ కూడిక పెట్టమంటే కన్నదాన్నైనా నాకు మనసొప్పట్లేదురా” అన్నావు. ఆ కాగితం నాలుగు రోజులుగా జేబులో పెట్టుకుని తిరుగుతున్నా. అలా లేచి నీళ్ళలోకి వెళ్ళిందని నీకు చెప్పింది నేనే. అది అబద్ధం.

ఆ రోజు సంఘం వాళ్ళం బస్సు మాట్లాడుకుని చీకటితోనే బయల్దేరాం. గరికపాడు దాటాక తెల్లారింది. సాగరు పనులు చూసి, కృష్ణ దాటి ఎత్తిపోతల చేరేసరికి పన్నెండయింది. అబ్బ, ఏం నీళ్ళు, ఏం హోరు! ఎస్తేరు నా చెయ్యి పట్టుకుని ఊపేస్తూ, “మామయ్యా, అమ్మ చూస్తే అమ్మో అంటది!” అని చెవిలో అరిచింది.

పైన వాగొడ్డున బండల మీద పులిహోర పొట్లాలు విప్పాం. చేతులు కడుక్కోడానికి నీళ్ళు తెమ్మని ఎస్తేరుకి చెంబిచ్చి పంపింది నేనే. అంతలో బెజవాడ నుంచి వచ్చిన పాస్టరు అయ్యగారు, “పంతులుగారూ, ప్రార్థన చెయ్యండి” అన్నారు. మా బడిలో పనిచేసే ఇశ్రాయేలు, “ఈయన మొదలెడితే అన్నం చల్లారిపోద్దండీ” అన్నాడు. అందరూ నవ్వారు. నాకది గొప్పగానే ఉంది. పిల్ల వచ్చేదాకా ఆగకుండా, ఆ హోరు మీద గొంతు పెంచి మొదలెట్టా.

మా ఇంటి కట్టడి నీకు తెలుసు. ప్రార్థన మొదలైతే ఎక్కడున్నవాళ్ళు అక్కడే ఆగి, ఆమేన్ దాకా కళ్ళు మూసుకోవాలి. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా సరే. చదువుకని మా ఇంటికి వచ్చిన కొత్తలో ఎస్తేరు ఓసారి కదిలిందని గోడకుర్చీ వేయించా.

మధ్యలో నేను కళ్ళు తెరిచా. చూశానక్కా. నీళ్ళంచున పాకుడు పట్టిన బండ మీద ఉంది. మేం తలలు వంచడం చూసినట్టుంది, చెంబు గుండెలకు పెట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, కదలకుండా నిలబడింది. పాదాల మీదుగా నీళ్ళు పోతున్నాయి. లేచి పది అడుగులు వేస్తే చెయ్యి అందేది. నాకేమనిపించిందో తెలుసా? నా పెంపకం అయ్యగారు చూస్తే బాగుండుననిపించింది. మళ్ళీ కళ్ళు మూసుకున్నా. డ్యాము కూలీల కోసం, వానల కోసం, ప్రభుత్వం కోసం కూడా ప్రార్థించా. ఆ హోరులో నా ఆమేన్ దానికి వినపడదని నా బుర్రకు తట్టనే లేదు. ఆమేన్ అని చూస్తే బండ మీద ఎవరూ లేరు.

“ఎట్లా జరిగింది?” అని అయ్యగారు అడిగితే, “ప్రార్థన మధ్యలో లేచి నీళ్ళలోకి వెళ్ళిందండీ” అని నా నోటికొచ్చింది. ప్రార్థనలో కళ్ళు తెరిచింది నేను. ఆ తప్పు చచ్చిపోయిన పిల్ల మీద వేశా.

కూడిక పెట్టక్కా. సమాధి మీద దాని పేరు రాయించు. ఈ ఉత్తరం అందరి ముందూ చదివించు. బావ నన్ను గడప తొక్కనివ్వకపోతే పెట్టె అరుగు మీద పెట్టి వెళ్ళిపోతా. తిట్టు, కొట్టు, ఉమ్మెయ్యి. దాన్ని మాత్రం ఒక్క మాట అనకు. నీ కూతురు చెప్పిన మాట విన్నదక్కా. విన్నందుకే పోయింది.

ఇట్లు,
నీ తమ్ముడు,
శాంతయ్య