రంగుల పిన్ని కొలతలు

ప్రియమైన నా పిచ్చుకకి,

అమ్మ ఆశీస్సులు. ఫోనులో అడిగితే "బాగున్నానమ్మా, పనుందమ్మా" అని రెండు ముక్కల్లో తేల్చేస్తావు. అందుకే కాగితం తీశాను. జవాబు రాయాలంటే నువ్వు కాసేపైనా ఒకచోట కూర్చోవాలి కదా.

నాదొక ఇబ్బంది. రోజూ పొద్దున దేవుడి ముందు కూర్చుని నీ పని సవ్యంగా సాగాలని అడుగుతున్నాను. కానీ ఆ పనేమిటో నాకు తెలియదు. తెలియనిదాన్ని అడగడం ఏం మర్యాద? కొట్టుకి వెళ్ళి "ఏదో ఒకటి ఇవ్వండి" అన్నట్టు ఉంటుంది. ఎలుకల మెదడు కోసి చూస్తావని ఒకసారి అన్నావు. ఆ మాట దేవుడితో చెప్పడానికి నాకు నోరు రాలేదు. కాస్త ఆయనకి చెప్పుకోదగ్గ విధంగా రాయి.

ఇక్కడ వర్క్‌షాపులో రెయిన్‌కోట్ల కుట్ల మీద పట్టీ అతికించే మిషను ఇప్పుడు నాకే ఇచ్చారు. సూది దిగిన ప్రతి చోటా చిల్లే కాబట్టి ఎంత మంచి గుడ్డయినా నీళ్ళు కుట్టు దగ్గరే దూరతాయి. వేడి మీద ఆ పట్టీ అతుక్కుందంటే ఇక చుక్క రాదు. మిగిలిన నీలం గుడ్డ మేస్త్రీని అడిగి తెచ్చుకున్నాను, నీకు కోటు కుడదామని. నీ పాత కొలతలు నా దగ్గరున్నాయి. ఒళ్ళు చేశావో తగ్గావో రాయి.

వేళకి తిను.

నీ అమ్మ

*

ప్రియమైన అమ్మకి,

ఇది ఇలాగే దేవుడికి చదివి వినిపించు.

మెదడులో రక్తనాళాలుంటాయి. రక్తంలో ఉన్నదంతా మెదడులోకి పోకూడదు. అందుకని నాళం గోడలోని కణాలు సందు లేకుండా ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. అలా పట్టి ఉంచేవి కొన్ని ప్రోటీన్లు. నీ మిషను మీద పట్టీ అనుకో. నేను చూసేదాని పేరు క్లాడిన్. నాళం బయట నక్షత్రాల్లా చేతులు చాపుకుని సహాయక కణాలుంటాయి. ఆలోచించే కణాలకి తిండి అందించడం, చెత్త ఎత్తడం, ఇంటి చాకిరీ అంతా వాటిదే. వాటికి పట్టీతో పనేమీ లేదనే మేమంతా అనుకున్నాం. కానీ అమ్మా, జబ్బు చేసిన ఎలుక మెదడులో ఆ నక్షత్రాల చేతుల చివర నాకు అదే పట్టీ కనిపించింది! దానికి వేసిన రంగు పచ్చగా మెరిసింది. మా ప్రొఫెసరు చూసి, "రంగు పొంగి పక్కకి పాకింది. మళ్ళీ చెయ్యి" అనేశారు.

రంగు పొంగలేదు. ఎందుకంటే రంగు వేసింది రంగుల పిన్ని. ఆవిడ గురించి నీకు చెప్పనేలేదు కదూ? మా ల్యాబులో మెదడుని ఉల్లిపొర కన్నా పల్చగా కోసి, గాజు పలకల మీద పరిచి, రంగు పట్టించేది ఆవిడే. అందరూ మేడమ్ అంటారు, నేను రంగుల పిన్ని అంటాను. బ్రష్ పట్టుకోవడం నాకు ఆవిడే నేర్పింది. "ముక్కని లాగకు, బతిమాలు" అంటుంది. మధ్యాహ్నం నా డబ్బా మూత తీసి చూసి, "ఇది నీకా, పిట్టలకా?" అని తన డబ్బాలో సగం నాకు పెడుతుంది.

కొలతలు మారాయి. పిన్ని దారంతో తీసి పెట్టింది. దారం ఈ కవర్లోనే ఉంది. మొదటి ముడి భుజం, రెండోది చెయ్యి, మూడోది నడుము, చివరిదాకా పొడవు.

ప్రేమతో,
నీ పిచ్చుక

*

ప్రియమైన పిచ్చుకకి,

చదివాను. దేవుడికీ వినిపించాను. క్లాడిన్ అన్నచోట కాస్త తడబడ్డాను, ఆయన సర్దుకుంటాడులే. చాకిరీ చేసే కణాల్ని కూడా ఒకరు కూర్చుని శ్రద్ధగా చూస్తున్నారంటే నాకు ముచ్చటేసింది.

దారం అందింది. చక్కగా తీశారు ఆవిడ. నేను కొలిచేటప్పుడు నువ్వు ఊపిరి బిగించేదానివి, "బిగించకే, కోటు అబద్ధమాడుతుంది" అని నేను తిట్టేదాన్ని. ఆవిడ దగ్గర బిగించినట్టు లేదు. నడుము రెండు వేళ్ళు తగ్గింది. సగం డబ్బా ఆవిడ పెడుతున్నా తగ్గిందంటే ఏమనుకోవాలో నాకు తెలియలేదు.

ఒకటి అడగనా? కోపం లేదు. పిన్ని అంటే అమ్మకి చెల్లెలు. నాకు చెల్లెళ్ళు లేరు. మా అమ్మకి నేనొక్కదాన్నే. మరి ఈ పిన్ని నీకు ఎటువైపు నుంచి వచ్చింది? మేడమ్ అంటే సరిపోయేది, అందరూ అంటున్నదే కదా. ఊరికే అడిగాను. ఆవిడకి పిల్లలు లేరా?

పక్క మిషనావిడతో ఈ మాట అంటే, "నీ కూతురికి అక్కడో అమ్మ దొరికిందన్నమాట. అదృష్టవంతురాలివి, సగం బరువు దిగింది" అంది. నవ్వి ఊరుకున్నాను. ఆ పూట నేను అతికించిన పట్టీలన్నీ వంకర పోయాయి. మేస్త్రీ, "ఏంటమ్మా, ఒంట్లో బాగాలేదా?" అన్నాడు. ఒంట్లో బాగానే ఉంది.

కోటు కత్తిరించాను. నా దగ్గరున్న పాత కొలతలతోనే కత్తిరించాను. నీకు మళ్ళీ ఒళ్ళు వస్తుంది.

నిన్ను కన్న
అమ్మ

*

ప్రియమైన అమ్మకి,

కోపం లేదని నువ్వు రాశావంటే ఎంత ఉందో నాకు తెలుసు.

పిన్నికి పిల్లలు లేరు. భర్త పోయి చాలా ఏళ్ళయింది. నీకన్నా రెండేళ్ళు చిన్న, అందుకే పిన్ని. పెద్దదైతే పెద్దమ్మ అనేదాన్ని, అప్పుడూ నీకు ఒళ్ళు మండేది.

తిట్టనంటే ఇంకో సంగతి చెబుతాను. మొన్న జ్వరం వచ్చింది. తగ్గిపోయింది. నీకు చెబితే వెంటనే రైలెక్కేస్తావని చెప్పలేదు. పిన్ని వాళ్ళింటికి తీసుకెళ్ళి చూసుకుంది. జ్వరంలో "అమ్మా, అమ్మా" అని పలవరించానట, పిన్ని "ఇక్కడే ఉన్నా" అందట.

ఇక అసలు విషయం. పచ్చరంగు సంగతి తేల్చడానికి ప్రొఫెసరు ఒప్పుకున్నారు. కొన్ని ఎలుకల్లో ఆ నక్షత్ర కణాలకి క్లాడిన్ లేకుండా చేశాం. కొన్నిటికి ఉంచాం. రెండు రకాలకీ మెదడులో వాపు తెప్పించాం. వాపు వస్తే నాళం గోడలో అతుకులు ఊడతాయి, రక్తంలోని కణాలు మెదడులోకి చొరబడతాయి. ఆ పచ్చది నిజంగా పట్టీయే అయితే, అది లేని ఎలుకల్లో అవి ఎక్కువ దూరం పోవాలి. తేడా లేదంటే నాది వట్టి భ్రమ.

అయితే ఏ పలక ఏ ఎలుకదో లెక్కపెట్టే మనిషికి తెలియకూడదు. మనసులో ఒకటి కోరుకుంటే కళ్ళు అదే చూస్తాయట. అందుకని పిన్ని పలకల మీది గుర్తులన్నిటికీ కాగితం అతికించేస్తుంది. గుట్టంతా ఆవిడ దగ్గరే.

నెగ్గితే ఏడాది చివర పెద్ద సభలో నేను మాట్లాడాలి, ఇంకో మూడేళ్ళు ఇక్కడే పని. ఓడితే ఈ పని మూసేస్తారు, నేను ఇంటికొచ్చి మన బడిలో పాఠాలు చెప్పుకుంటాను.

సభకి మాట్లాడేవాళ్ళు తమవెంట ఒక్కరినే తెచ్చుకోవచ్చు. ఒక్క కుర్చీ. నిన్నే పిలవాలని ఉంది. కానీ ఇది పిన్ని చేతిపని. ఇన్నేళ్ళలో ఆవిడని ఆ హాల్లో ఎవరూ కూర్చోబెట్టలేదు. ఏం చెయ్యమంటావు?

జవాబు కోసం చూస్తూ,
నీ పిచ్చుక

*

ప్రియమైన అమ్మాయికి,

ఆ కుర్చీ ఆవిడకే ఇవ్వు. అంతమంది చదువుకున్నవాళ్ళ మధ్య నేను కూర్చుని ఏం చేస్తాను?

"ఇక్కడే ఉన్నా" అన్నారట. మంచిది. నేను అక్కడ లేను. ఉన్నవాళ్ళే ఆ మాట అంటారు. నువ్వు పిలిచింది మాత్రం నన్నే కదా అనుకుందామని చూశాను. జ్వరంలో ఎవరు ఎవరిని పిలుస్తారో ఎవరికి తెలుసు.

నీతో అబద్ధం ఆడలేను, కాబట్టి రాస్తున్నాను. ఈ పొద్దున దేవుడి ముందు కూర్చుని, ఆ పచ్చరంగు పొంగిందేనని తేలాలని అడిగాను. అలా తేలితే నువ్వు ఇంటికొస్తావు. అడిగేశాక లేచి చేతులు కడుక్కున్నాను. వెనక్కి తీసుకుందామని మళ్ళీ కూర్చున్నాను. మాట రాలేదు. నా కూతురు ఓడిపోవాలని నేనే మొక్కుకున్నాను. నువ్వు ఏమనుకుంటావో అనుకో.

కోటు గుండీల దాకా వచ్చి ఆగింది.

అమ్మ

*

ప్రియమైన పిచ్చుకకి,

నీ దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు. అంత మాట రాశాక నువ్వు రాయకపోవడంలో తప్పు లేదు. ఫోను దగ్గర కూర్చుంటున్నాను, చెయ్యి పోవడం లేదు. ఏం మొహం పెట్టుకుని చెయ్యను?

దేవుడి ముందు కూర్చుంటున్నాను గానీ ఏమీ అడగడం లేదు. ఊరికే కూర్చుని లేస్తున్నాను.

తిడుతూ అయినా సరే, ఒక్క ముక్క రాయి.

అమ్మ

*

ప్రియమైన అమ్మకి,

నీ రెండు ఉత్తరాలూ ఈ రోజే, ఒకేసారి నా చేతికొచ్చాయి. కుర్చీ మాట రాసినందుకు నువ్వు అలిగి మాట్లాడటం మానేశావని ఇన్నాళ్ళూ నేను ఇక్కడ బిగుసుకుని కూర్చున్నాను. నేనూ ఫోను చెయ్యలేదు, ఎంతైనా నీ కూతుర్ని కదా.

ముందు ఇది విను. లెక్క ముగిసింది. అందరి ముందూ పలకల మీది కాగితాలు పీకాం. పట్టీ లేని ఎలుకల్లో రక్తకణాలు ఎక్కడికంటే అక్కడికి పోయాయి. పట్టీ ఉన్నవాటిలో నాళం చుట్టూనే ఆగిపోయాయి. రంగు పొంగలేదమ్మా! గోడ ఊడినచోట ఆ చాకిరీ కణాలే చేతులు కలిపి, ఇంకో వరస కంచె కట్టాయి. తమది కాని పని చేశాయి. ప్రొఫెసరు తల ఎత్తి, "పొరపాటు నాదే" అన్నారు. అందరూ నన్ను చుట్టుముట్టారు. పిన్ని మాత్రం అటు తిరిగి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడుగుతోంది.

"ఏంటి పిన్నీ, నీకు సంతోషంగా లేదా?" అన్నాను.

సొరుగు లాగి, ల్యాబుకి వచ్చిన నీ ఉత్తరాలు నా చేతిలో పెట్టింది. కవర్లు విప్పలేదు. "లెక్క అయ్యేదాకా నీ మనసు చెదరకూడదని దాచాను" అంది.

"లెక్క మొదలుపెట్టింది మొన్ననే కదా. ముద్ర చూస్తే మొదటిది ఎప్పుడో వచ్చింది" అన్నాను.

గిన్నె తోముతూనే ఉంది. తర్వాత, "సరే, కుళ్ళు. చాలా?" అంది. "మీ అమ్మ కవరు కనిపించగానే నీ మొహం ఎలా వెలిగిపోతుందో నువ్వెప్పుడైనా చూసుకున్నావా? నేను ఎంత పెట్టినా, ఎంత చేసినా నాకు ఆ మొహం పెట్టలేదు. జ్వరంలో నేను 'ఇక్కడే ఉన్నా' అంటే ఏమన్నావో తెలుసా? 'నువ్వు కాదు, అమ్మ' అన్నావు. అది నీకు చెప్పలేదులే."

నాకు కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ నీ ఉత్తరం విప్పి చదివాక ఎవరి మీద చూపించాలో తెలియలేదు. అక్కడే పిన్నికి కూడా చదివి వినిపించాను, నువ్వు దేవుణ్ణి అడిగిన ముక్కతో సహా. పిన్ని గిన్నె కింద పెట్టి, "అయితే మీ అమ్మ దేవుడి దగ్గరికి పోయింది, నేను సొరుగు దగ్గరికి పోయాను" అంది. ఇద్దరం నవ్వి నవ్వి ఏడ్చాం.

కుర్చీ ఒక్కటే. ఇంకోటి అడిగి చూశాను, ఖాళీ లేదన్నారు. సభకి పంపే కాగితంలో 'అతిథి' అన్నచోట 'తల్లి' అని పిన్నే రాసేసింది. తను తలుపు దగ్గర నిలబడి లైట్లు ఆర్పే పని తీసుకుందట.

మూడేళ్ళమ్మా. నాకు తెలుసు. అయినా వస్తావా?

నీ
పిచ్చుక

*

ప్రియమైన నా పిచ్చుకకి,

దేవుడు నా మాట వినలేదు. ఆయన నా మాట విననందుకు దండం పెట్టడం నాకు ఇదే మొదలు. మూడేళ్ళు అనుకుంటే పట్టీలు మళ్ళీ వంకర పోతున్నాయి. పోనీ. నువ్వు నెగ్గావు.

ఆ మనిషి మీద కోపం తెచ్చుకుందామని కూర్చున్నాను. నా ఉత్తరాలు దాస్తుందా, ఎంత ధైర్యం అనుకున్నాను. "నువ్వు కాదు, అమ్మ" అన్న ముక్క మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను, పొంగిపోతూ చదువుకున్నాను. అలా చదువుతుంటే, ఆ మాట విన్న మనిషి కళ్ళ ముందుకొచ్చింది. నీ నోటితో ఆ మాట విని కూడా తడిగుడ్డ పక్కన పడేసి లేచిపోలేదు కదా ఆవిడ. నేనైతే ఏం చేసేదాన్నో నాకు తెలియదు.

పాత కొలతలతో కుట్టిన కోటు నీకు వదులవుతుందని తెలిసే కుట్టాను. ఇప్పుడు దాన్ని విప్పి, ఆవిడ పంపిన దారం ప్రకారం మళ్ళీ కుట్టాను. విప్పిన చోట పాత సూది చిల్లులన్నీ బయటపడ్డాయి. కుట్టు లేని చోట కూడా పట్టీ వెయ్యాల్సి వచ్చింది. మేస్త్రీ చూసి, "అక్కడెందుకమ్మా పట్టీ?" అన్నాడు. "అక్కడా అవసరం పడింది" అన్నాను.

సభకి వస్తాను. కుర్చీలో నేనే కూర్చుంటాను, ఆ విషయంలో తగ్గేది లేదు. కుళ్ళు పోయిందని కూడా చెప్పను. మొన్న కూర తరుగుతుంటే ఆవిడ సగం డబ్బా గుర్తొచ్చి కత్తి గట్టిగా పడింది. కానీ ఒకటి. లైట్లు ఆర్పాక హాల్లో ఎవరు ఎక్కడ కూర్చున్నారో ఎవరు చూస్తారు? నేను ఒక పక్కకి జరుగుతాను. ఆర్పేసి నా దగ్గరికి రమ్మను. ఇద్దరికీ ఇరుకే, సర్దుకుంటాం.

మేస్త్రీని ఇంకాస్త నీలం గుడ్డ అడిగాను. ఇచ్చాడు. ఆవిడ కొలతలు దారంతో తీసి పంపు. తనే తీసుకుంటానంటే ఒప్పుకోకు, ఎవరికి వాళ్ళు తీసుకుంటే తక్కువే తీసుకుంటారు. నువ్వే తియ్యి. రెండు చేతులూ పైకెత్తమను. ఊపిరి బిగించిందంటే, అక్క తిట్టమందని చెప్పి మరీ తిట్టు దాన్ని.

నీ అమ్మ