తోకకు చుట్టిన టేపు

మరిది సాంబన్నకు,

నీకు తెలిసినవే అయినా, ఇది ఫిర్యాదు కనుక పద్ధతిగా చెబుతున్నాను: నా పేరు లింగక్క. వయసు డెబ్బై దాటింది. ఆధార్ కార్డు ఒక లెక్క చెబుతుంది, మోకాళ్లు ఇంకో లెక్క చెబుతాయి. ఉండేది పాతగూడెం. ఇంట్లో నేను, కొడుకు నిలేష్, కోడలు మానస, రెండు మేకలు. మీ అన్న మంగయ్య పోయిన సంగతి నీకు చెప్పక్కర్లేదు, పాడె నువ్వే మోశావు. నాకు చదువు రాదు కనుక నేను చెబుతుంటే మానస రాస్తోంది. మొగుడి మీద ఫిర్యాదు పెండ్లాం చేతే రాయిస్తున్నాను. "జర తగ్గించి రాస్తనే అత్తమ్మా" అంటోంది. "ఒక్క మాట తగ్గినా చింపుత" అన్నాను.

పోయినోళ్ల పేరున నిలబెట్టే రాతి మీద వాళ్లకు ఇష్టమైన కొయ్యబొమ్మ పెట్టడం మన ఆనవాయితీ కదా, మీ అన్న రాతి మీద విమానం పెట్టాలని నీకు తెలుసు. మీ నాయన రాతి మీద ఎడ్లబండి చెక్కి పెట్టింది నువ్వే. ఆ బండి వానకు నల్లబడి, గొడ్డలి దెబ్బలు కనబడుతూ ఇప్పటికీ ఉంది. మెరవలేదని దాన్ని ఎవరూ తిట్టలేదు. మీ అన్నకు విమానాల పిచ్చి. కలుపు తీస్తుండగా పైన చప్పుడైతే చాలు, అది కనుమరుగయ్యేదాకా మెడ దించేవాడు కాదు. ఎక్కింది మాత్రం ఎన్నడూ లేదు. మంచాన పడ్డాక క్యాలెండర్ బొమ్మ చూసి, రెక్కకు ఎంత, తోకకు ఎంత అని పుల్లతో కొలుచుకుంటూ టేకు చెక్కతో తానే చెక్కుకున్నాడు. ముక్కు దగ్గర కత్తి గీతలు పొడుగ్గా, ధీమాగా ఉండేవి. తోకకు వచ్చేసరికి చెయ్యి వణికింది. అక్కడివి పొట్టి గీతలు, ఒకదాని మీద ఒకటి, కోడి గీరినట్టు. నాకు అక్షరాలు రావు గానీ, వాటి మీద బొటనవేలు పెడితే ఆయన ఏ రోజు ఎట్లా ఉన్నాడో చెప్పేదాన్ని.

ఇప్పుడు నా కొడుకు చేసిన పని విను. నాగపూర్‌లో, ఆఫీసుల అద్దాల పెట్టెల్లో పెట్టే చిన్న విమానాలు తయారుచేసే దుకాణంలో వీడి కొలువు కదా. "బాపు విమానాన్ని అసలు దాని లెక్క చేస్త" అని రంగు ఊదే మిషన్ పట్టుకొచ్చాడు. సరే అన్నాను, నా బుద్ధి గడ్డి తిని. గీతలన్నిటినీ పుట్టీతో పూడ్చాడు. గరుకు కాగితం పెట్టి రుద్దాడు, రుద్దాడు, శవానికి గడ్డం గీసినట్టు నున్నగా చేశాడు. దాని మీద నల్ల రంగు కొట్టాడు. ఇప్పసారా కాచిన కుండ అడుగులా అయింది. ఇదేందిరా అంటే, వెండి మెరవాలంటే కింద నలుపు ఉండాలట. ఆ తర్వాత పెన్నులాంటి దానితో వెండి రంగు ఊదాడు. ఛీ! ఆ కంపు అన్నంలోకి వచ్చింది, తాగే నీళ్లలోకి వచ్చింది. ముద్ద దిగలేదు. ఇప్పుడది కొత్త స్టీలు చెంబులా తళతళలాడుతోంది. చూస్తే నా మొహమే కనబడుతోంది. మీ అన్న ఎక్కడా లేడు.

తోకకు పసుపుపచ్చ టేపు చుట్టాడు, పుండుకు కట్టు కట్టినట్టు. "టేపు తీసేదాక ముట్టకే అవ్వా" అంటాడు. నా మొగుడి వస్తువును నేను ముట్టొద్దట! ఊళ్లోవాళ్లు వచ్చి "మస్తుగున్నది" అని పోతున్నారు. వాళ్ల కళ్లల్ల కారం పడ.

దాన్ని రాతి మీద పెడితే నేను ఆ రాతి దగ్గరికి రాను. పెండ్లాం రాని రాయిని ఎట్లా నిలబెడతారో చూస్తాను. ఆ పనికి నువ్వు బయలుదేరకు.

లింగక్క వేలిముద్ర
రాసింది: మానస
సాక్షి: పక్కింటి సమ్మయ్య


సాంబన్నా,

ఆగమన్నాను కదా, ఇప్పుడు బయలుదేరు.

నీకు ఉత్తరం పంపిన మరునాడు నిలేష్ ఇంకో పూత ఊది ఎండకు పెట్టాడు. వాడు అటు పోగానే కొడవలి తీసుకున్నాను, ఆ వెండి తోలు గీకేద్దామని. విమానాన్ని ఒళ్లో పెట్టుకున్నానో లేదో ఉరికొచ్చాడు.

"ఆగే అవ్వా! తడి ఆరలే!"

"ఆరకుంటే ఇంకా మంచిది. జల్ది ఊడుతది."

"ఒక్క టేపు తియ్యనియ్యి, తర్వాత నన్నే గీకు."

టేపు కొస పట్టుకుని, పసిపిల్ల నెత్తి మీద పేను తీసినట్టు మెల్లగా లాగాడు. కింద రంగు లేదు. పుట్టీ లేదు. వట్టి టేకు. కోడి గీరినట్టున్న ఆ పొట్టి గీతలు చెక్కినవి చెక్కినట్టే ఉన్నాయి. పుట్టీ డబ్బా మూత తియ్యకముందే అక్కడ టేపు చుట్టాడట. రంగు అంటని చేతి బొటనవేలు వాటి మీద పెట్టాను. మీ అన్న చేతి వణుకు అక్కడే ఉంది.

"గిది ముందుగాల చెప్పకపోతివేందిరా?"

"చెప్పనిచ్చినవా?"

మానస కిసుక్కుమంది. అది కూడా రాయమన్నాను.

వెండి రంగంటే నాకు కలిగిన రోత మాత్రం పోలేదు. ఎప్పుడు ఊడుతుందని అడిగితే, వార్నిష్ కొడతాను, ఏండ్లకేండ్లు ఉంటది అన్నాడు. "అయితే నేను గూడ ఉంట, అది ఊడేదాక" అన్నాను.

ఇంకో సంగతి. విమానాన్ని ఒడిసిపట్టినప్పుడు నా ఎడమ బొటనవేలు తడి రంగులో దిగబడింది, సరిగ్గా టేపు అంచు పక్కన. వెండి రంగు ఏ మరకనూ దాచదట; వేలి గీతలతో సహా అచ్చు పడింది. వాడు మళ్లీ గరుకు కాగితం తీశాడు. "ముట్టినవంటే చెయ్యి ఇరగ్గొడ్త" అన్నాను. కాగితం జేబులో పెట్టుకున్నాడు.

రాయిని మరీ ఎత్తు లేపకు. నా చెయ్యి అందాలి.

ఈ ఉత్తరం కింద ఉన్న ముద్ర ముందే వేశాను, వేలి మీద రంగు ఆరకముందు. పైన మాటలన్నీ తర్వాత రాయించాను.

లింగక్క వేలిముద్ర, వెండి రంగుది
రాసింది: మానస
సాక్షులు: సమ్మయ్య, నిలేష్