కల్లంలో పేర్చిన అక్షరాలు

అన్నయ్యా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఇవాళే ఒంగోలు కోర్టులో నన్ను సాక్షిగా నిలబెట్టారు.

అవతలి ప్లీడరు మాటల్ని మా బధిరుల బడి మాస్టారు కాగితం మీద రాసి చూపించారు. "దొంగతనానికి కాకపోతే ఆ చెవిటోడు ఒకళ్ల కల్లంలో మిరపకాయలు ఎందుకు ఏరాడంట? ఈ మూగపిల్ల ఏం చెబుద్దండీ?"

బడి సెలవులకు ఇంటికి వచ్చినప్పుడల్లా ఎండుమిరపకాయలతో ఇంగ్లీషు అక్షరాలు పేర్చి నాకు చదవడం నేర్పేవాడివి. మన కాయలు అప్పటికే అమ్మకానికి మార్కెట్ యార్డుకు పోయాయని, ఆ రోజు పక్కనే ఉన్న సాంబయ్య బాబాయి కల్లంలోకి వెళ్లాం. నిటారు కాయలూ వంకర కాయలూ తువ్వాల్లోకి ఏరుతున్నావు. ఆయన వెనక నుంచి అరిచాడట. మనకేం వినబడుతుంది? కర్ర నీ తల మీద పడింది. సైగలతో చెప్పబోయావు. తిరగబడుతున్నావనుకుని ఆయన కొడుకులు నీ చేతులు విరగ్గొట్టారు. నువ్వు కదలడం మానేసినా కొడుతూనే ఉన్నారు. ఎర్రటి కాయల మీద నీ నెత్తురు వేరుగా కనబడలేదు.

నేను కాగితం అడిగి, నువ్వు నేర్పిన ఇంగ్లీషులోనే రాశాను: మా అన్నయ్య దొంగ కాదు, నా టీచర్.

జడ్జిగారు దాన్ని పైకి చదివారు. ఆయన పెదవుల మీద 'టీచర్' అన్న మాట కదలడం నేను చూశాను. బోనులో నిలబడ్డ సాంబయ్య బాబాయి విన్నాడు.

నీ చెల్లి