రాతి గడప మీద గ్లాడిస్

మార్కెట్ డ్రేటన్ కాలవగట్టు,
మంగళవారం

నా ఐవీ అక్కకు,

నీ పై గది ఖాళీ చేసి ఉంచు. పడవ మీ నాంట్‌విచ్ చేరగానే పెట్టె పట్టుకుని దిగిపోతాను. డెస్మండ్‌కు ఇంకా చెప్పలేదు, నువ్వూ ఎవరితో అనకు. ఇల్లు అద్దెకిచ్చేశాను, పడవ కొన్నాను అని భోజనం దగ్గర బంగాళాదుంపలు వడ్డించుకుంటూ చెప్పాడు. నన్నొక్క మాట అడగలేదు. ఇన్నేళ్లు కాపురం చేసి ఆ ఒక్క మాటకు నోచుకోలేదే అన్న బాధ నన్ను తినేస్తోంది.

అలాగని ఇక్కడి వింతలు నీకు చెప్పకుండా ఉండలేను. చుక్కాని పిడి ఎడమకు నెడితే పడవ కుడికి పోతుంది. మొదటిరోజు అది ఎంతకీ బుర్రకెక్కక ముళ్లపొదలోకి దూరాం, గట్టున చేపలు పట్టేవాడు గాలం ఎత్తుకుని పరుగు లంకించుకున్నాడు. పడవ కొండ దిగుతుందంటే నమ్ముతావా? లాకు అనే రాతి తొట్టిలోకి తోలి, వెనక తలుపు మూసి, ముందు తలుపుల్లో నీళ్లు వదిలే తూములు ఎత్తితే చాలు. నీళ్లు జారిపోతూ మనల్ని లిఫ్టులా కిందికి దించుతాయి. ఇక మరుగుదొడ్డి పెట్టెను చేత్తో లాక్కెళ్లి పారబోసి రావాలి. ఎదురొచ్చేవాళ్లూ అదే లాక్కొస్తూ ఎండ బాగా కాసిందంటూ పలకరిస్తారు.

ఇక్కడ మనిషి పేరుతో ఎవరికీ పని లేదు, పడవ పేరే మన పేరు. మా పడవ గ్లాడిస్ కాబట్టి నేనూ గ్లాడిస్‌నే. బ్యాంకు మేనేజరు హోదా వెలగబెట్టిన మీ మరిది ఇప్పుడు 'గ్లాడిస్ వాళ్లాయన'. మా వెంటే వస్తున్న పడవలో రెండు పిల్లులతో ఉండే హిల్డా మా గురువు. "కాలవలో పడితే ఏం చెయ్యాలో తెలుసా గ్లాడిస్? లేచి నిలబడాలి. నడుంలోతేగా" అంటుంది. నేను పడీ పడీ నవ్వాను. డెస్మండ్ నవ్వలేదు. లాకు తలుపుల మీది పలక దాటితే రెండడుగుల్లో అవతలికి పోవచ్చు, అయినా వంతెన దాకా చుట్టు తిరిగి వెళ్తాడు. మోకాళ్లంటాడు. నాకైతే అదంతా బడాయిలా కనిపిస్తోంది.

నీ చెల్లెలు,
నోరా


ఆడ్లెమ్ లాకుల దగ్గర,
శనివారం

అక్కా,

గది సర్దావా? సర్దితే అలాగే ఉంచు, ఇది చదివాక ఎందుకో తెలుస్తుంది.

లాకులో వెనక తలుపు కింద ఒక రాతి గడప ఉంటుంది, నీళ్లు దిగితేగానీ కనపడదు. "గోడ మీద తెల్లగీత ఉంది చూడు, పడవ తోక దాని వెనక్కి పోనిచ్చావో, గడప మీద కూర్చుంటుంది" అని హిల్డా చిలక్కి చెప్పినట్టు చెప్పింది. నిన్న నేను చుక్కాని దగ్గర ఉన్నాను, డెస్మండ్ గట్టున తూములు ఎత్తుతున్నాడు. తడిగోడ సందుల్లో చిన్న చిన్న మొక్కలు, వాటి మీద గోరంత నత్తలు. అవేం తింటాయోనని వంగి చూస్తున్నాను. పడవ వెనక్కి జరిగిన సంగతే తెలియలేదు.

కింద ఏదో కరకరమంది. చూస్తుండగానే ముందుభాగం దిగిపోతోంది, వెనక నేను అలాగే పైన ఆగిపోయాను. లోపల గిన్నెలన్నీ దొర్లిపడ్డాయి. "తూములు దించు! రెండూ దించు!" అని హిల్డా అరిచింది. రెండో తూము అవతలి గట్టున ఉంది. డెస్మండ్ చేతిలోది దించి, వంతెన వైపు చూడనైనా చూడకుండా ఆ పలక మీదే పరుగెత్తాడు అక్కా. అదీ దించి, నా వెనకున్న తలుపు దగ్గరికొచ్చి దాని తూము ఎత్తాడు. పై కాలవ నీళ్లు వచ్చి నిండి పడవ మళ్లీ తేలింది.

గట్టుకు కట్టేశాక చూస్తే డెస్మండ్ రెండు గుప్పిళ్లతో గడ్డి పట్టుకుని కూర్చున్నాడు.

"నాకు ఈత రాదు నోరా. నీళ్లంటే చిన్నప్పట్నించీ భయం."

సముద్రానికి వెళ్లినప్పుడు ఏనాడూ బూట్లు విప్పేవాడు కాదు. అదీ బడాయే అనుకున్నాను.

"మరి పడవెందుకు కొన్నావయ్యా?"

"నీకోసమే. ఓసారి వంతెన మీద ఎంతసేపు నిలబడ్డావు, పడవలు చూస్తూ? నువ్వు ఏదీ అడగవు. ఇదైనా నీకు తెలియకుండా తెద్దామనుకున్నా."

"ఆ రోజు నా చెప్పు కరిచింది, డెస్మండ్. నడవలేక నిలబడ్డాను."

హిల్డా టీ పోస్తూ, "చెప్పు కరిస్తే పడవ కొనిచ్చాడు. మా ఆయనైతే కట్టు కట్టుకోవడానికి గుడ్డపేలిక కూడా ఇచ్చేవాడు కాదు" అంది.

"నాంట్‌విచ్‌లో ఇద్దరం దిగిపోదాం" అన్నాడు డెస్మండ్. నేను ఎదురుచూస్తున్న మాటే. సరేనందామనుకున్నాను. కానీ పడవ తేలగానే నా చెయ్యి ముందు వెతుక్కున్నది చుక్కానినే. కాలవలో ముందున్న మలుపు అవతల ఏముందో చూడకుండా నేనెక్కడికీ రాలేను. "నేను దిగను" అన్నాను. నీకు రాసిన ఉత్తరం సంగతీ చెప్పేశాను. లేచి వెళ్లి, కట్టిన తాడునే మళ్లీ బిగించాడు. నాకు ఏడుపొచ్చింది.

చివరికి, "అయితే ఆ గది ఖాళీగానే ఉందా?" అని అడిగాడు.

కాబట్టి సోమవారం సాయంత్రం పెట్టెతో నీ గుమ్మం ఎక్కేది మీ మరిది. పడవ మీ ఊరి చుట్టుపక్కల ఉన్నన్నాళ్లూ పగలు గట్టు మీద నడుస్తూ నాకు లాకులు తీస్తాడట, చీకటి పడ్డాక నీళ్లకు దూరంగా నీ పై గదికొచ్చి పడుకుంటాడట. ఆ తరవాత సంగతి ఒకరినొకరం అడిగి తేల్చుకుంటాం. పొద్దెక్కినా లేవకపోతే లేపకు అక్కా. ఇన్ని రాత్రులూ నా పక్కన, నాకోసం, నీళ్ల మీద కళ్లు తెరుచుకుని పడుకున్నాడు.

నీ
నోరా