ప్రేయర్‌లో తెగిన చెవి గురించి

జిల్లా విద్యాశాఖాధికారి గారి సముఖమునకు, అనంతపురం.

అయ్యా,

విషయం: బెళుగుప్ప మండలంలోని ఒక హైస్కూలు (పేరు విడి కాగితంలో) పదో తరగతి విద్యార్థి ఓబిలేష్‌కు ఇచ్చిన టి.సి.ని రద్దుచేసి, సోమవారం పబ్లిక్ పరీక్షలకు విద్యార్థుల జాబితా పంపేలోపు తిరిగి చేర్చుకొనుట గురించి.

మనవి చేయునది ఏమనగా,

1. నేను విద్యాశాస్త్ర ఆచార్యుడిగా రిటైరైనవాడను. ఆడా మగా అన్న రెండు గళ్లలో ఇమడని పిల్లలకూ బడిలో చోటుండాలని ఊరూరా తిరిగి చెబుతున్నాను. గత నెల ఆ బడిలోనూ చెప్పాను. హెడ్మాస్టరు జయరాం ఒకప్పుడు నా బి.ఎడ్. విద్యార్థి. శాలువా కప్పాడు.

2. ప్రసంగం అయ్యాక ఓబిలేష్ లేచి, "నేను ఆడపిల్లనే సార్. ప్రేయర్‌లో యా లైన్లో నిలబడాల?" అని అడిగింది. "నీకు ఏది నీదనిపిస్తే దాంట్లో నిలబడమ్మా" అన్నాను. చప్పట్లు కొట్టారు. భోంచేసి రాప్తాడులో మా ఇంటికి వచ్చేశాను. హెడ్మాస్టరుతో ఒక్క మాట చెప్పి రావాలని తోచలేదు. దీనికి నా వద్ద సంజాయిషీ లేదు.

3. మరునాడు బిడ్డ ఆడపిల్లల లైన్లో నిలబడింది. హెడ్మాస్టరు కోప్పడలేదు. "రేపు క్రాఫ్టు క్లాసుకు మీ ఇంట్లో గొర్రెల బొచ్చు కత్తిరించే కత్తెర తీసుకురా" అన్నాడు. తల్లి మారెక్క గొర్రెలు మేపుకునే మనిషి. ఆమే నూరి, గుడ్డలో చుట్టి పంపింది.

4. ఆ కత్తెరతోనే, ప్రేయర్‌లో, జయరాం పురమాయించిన ముగ్గురు బిడ్డ కాళ్లూ చేతులూ అదిమిపట్టగా, గొర్రెను పడేసినట్టు పడేసి బిడ్డ జుట్టు కోశారు. కుడి చెవి సగం తెగింది. నెత్తురు కారుతుండగానే ప్రతిజ్ఞ పూర్తి చేయించారు. పదకొండు కుట్లు. సాయంత్రం "సొంత ఇష్టం మీద" అని టి.సి. రాసి మారెక్క వేలిముద్ర తీసుకున్నారు.

5. మారెక్క మా గడప దగ్గర నిలబడి, "నువ్వు చెప్పి ఎలబారి పోయినావు కదప్పా. ఆ బళ్లో ఉండాల్సింది నా బిడ్డ కదా" అన్నది. తిట్టినా బాగుండేది.

కావున టి.సి. రద్దుకు, జయరాంపై చర్యకు, నాపై కూడా విచారణకు ఉత్తర్వులు ఇప్పించ చిత్తగించవలెను.

ఇప్పటివరకు తమ విధేయుడు,
నరసింహప్ప

తా.క.: సంతకం చేశాక ఆ బడికి పోయాను. జయరాం కుర్చీ జరిపి, "కూచోండి సార్. ఇట్లాంటోళ్లకు ఇట్లా చెప్తేనే ఎక్కుతాది" అన్నాడు. చేతికర్రతో మూతి మీద కొట్టాను. రెండు పళ్లు రాలాయి. కింద పడ్డాక కూడా కొట్టాను. ముప్పై ఏళ్లు బడిలో బెత్తం వద్దని పాఠం చెప్పినవాణ్ని. సిగ్గుగా ఉంది, కానీ పశ్చాత్తాపం లేదు. పోలీస్ స్టేషన్ బల్ల మీద కూర్చుని ఇది రాస్తున్నాను. దయచేసి రెండు ఫైళ్లూ కలపవద్దు. నాది ఎన్నేళ్లయినా నడవనివ్వండి. ఆ బిడ్డకు సోమవారం దాకానే గడువు.