రెండు గదుల మధ్య కోడలి చిగుళ్ళు

ఆసుపత్రి పెద్ద డాక్టరు వారి సముఖమునకు, తొండియార్‌పేట నివాసి, హార్బరులో మూటలు మోసి విరమించిన పరంధామయ్య విన్నవించుకొనునది.

అయ్యా,

విషయం: గర్భవతి అయిన నా కోడలి చిగుళ్ళకు వైద్యం చేయుటకు ఎవరైనా ఒకరు ఒప్పుకొనుట గురించి.

తమరు నెల్లూరు వైపు వారని క్యాంటీనులో విని, ఈ అరవ ఊళ్ళో తెలుగులో రాసే ధైర్యం చేశాను.

1. నా కోడలు జీవితకు ఏడో నెల. చిగుళ్ళు వాచి, బ్రష్షు పెడితే రక్తం. కాన్పుల డాక్టరు చీటీ లేనిదే ముట్టుకోబోమని పళ్ళ విభాగం వారు సెలవిచ్చారు. పళ్ళ సంగతి మాది కాదు, కాన్పయ్యాక చూసుకోమని కాన్పుల విభాగం వారు సెలవిచ్చారు. ఈ రెండు గదుల మధ్య మెట్లు, ఒక టీ కొట్టు ఉన్నవి. టీ కొట్టు కుప్పుసామి మమ్మల్ని ఇక్కడి ఉద్యోగులనుకుంటున్నాడు.

2. కాన్పయ్యాక కుదరదు. గర్భిణి నోట్లోగాని, బాలింత నోట్లోగాని పరాయి చెయ్యి పడరాదని నా భార్య మునెమ్మ చట్టం. దానిపై అప్పీలు లేదు.

3. జీవిత తొలి బిడ్డ, నా పెద్ద మనవడు కార్తీకి నాలుగేళ్ళకే ముందు పళ్ళు నల్లబడి అరిగినవి. "బిడ్డకు తిండి ఎవరు పెడతారు?" అని వాడి నోరు చూసిన పళ్ళ డాక్టరమ్మ అడిగినది. "నేనే. మురుకైనా నా నోట నమిలి, కారం చూసినాకే పెడతా" అని మునెమ్మ గర్వంగా చెప్పినది. పెద్దల నోటి పుప్పి క్రిములు ఎంగిలితో పిల్లలకు చేరతాయని, తల్లి నోరు ఇప్పుడే బాగుచేస్తే పుట్టబోయే బిడ్డకు మేలని డాక్టరమ్మ వివరించినది. చీటీ కావాలన్నదీ ఆమే.

ఇంటికి పోయే బస్సులో మునెమ్మ నాతో, "నీ కొడుకును ఇట్లనే గదా పెంచినాను? వానికేమైంది?" అన్నది. వాడి నోట్లో పళ్ళకన్న సందులే ఎక్కువన్న సంగతి బస్సులో ఎత్తడం క్షేమం కాదు.

4. మాది ఒకే గది. ఆ గోడకు మునెమ్మ, ఈ గోడకు చెంప పట్టుకున్న కోడలు, మధ్యన నేను. "మామా, బిడ్డ పళ్ళ మాట తర్వాత. ముందు దాన్ని మోసేదానికి నాలుగు ముద్దలు లోపలికి పోవద్దా?" అంటుంది జీవిత.

కావున గర్భవతికి చిగుళ్ళ వైద్యం చేయవచ్చునని ఆ రెండు గదుల వారిచేత సంతకం పెట్టించి, సీలు వేసి ఇప్పించవలెను. మునెమ్మ మాట నమ్మదు గాని, రేషన్ షాపు వలన సీలుకు అలవాటుపడినది.

నా వంకర రాతను మన్నించి, కోడలి వాపును చిత్తగించవలెను.

తమ మెట్ల మీదనే ఉండు విధేయుడు,
పరంధామయ్య

తా.క.: ఇది మునెమ్మకు చదివి వినిపించాను. విని, "సీలూ వద్దు, గీలూ వద్దు. ఆ డాక్టరమ్మను ముందు నా నోట్లో చెయ్యి పెట్టమను. నాకు సరిపోతేనే ఆ పిల్లకు" అన్నది. కారమైనా, వైద్యమైనా ఆమె పద్ధతి ఒకటే. ఆమె గర్భవతి కాదు గనుక చీటీ అడగరని తలచి రేపు తీసుకొని వస్తున్నాను. కోడలు వెనకనే నిలబడి ఉంటుంది. ఆ పిల్లకు చీటీ ఇప్పించుట మాత్రం తమ చేతిలో ఉన్నది.