ఇంకా చాలని తెలివితక్కువతనం

కౌన్సిల్ అధ్యక్షులు థొరోగుడ్ గారికి,

బడి ముందు పిల్లల్ని రోడ్డు దాటించే ముసలిదాన్ని రాస్తున్నాను. పొద్దున తొమ్మిదింటికి కార్లు ఎక్కువ, నాకు ప్రమాదమని మీరు నా డ్యూటీని పదింటికి మార్చారు. నా మీద అంత ప్రేమ మా ఆయనకు కూడా ఉండేది కాదు. పదింటికి పిల్లలంతా బడిలో ఉంటారు కాబట్టి, పసుపు కోటు వేసుకుని, కార్లను ఆపే బోర్డు ఎత్తి, చెరువు బాతుల్ని దాటిస్తున్నాను.

పిల్లల తల్లులు నన్నూ వెంటబెట్టుకుని లండన్ దాకా వెళ్ళి కోర్టుకెక్కారు. జడ్జిగారు అంతా విని, "ఇది తెలివితక్కువ నిర్ణయమేనమ్మా. కానీ బుద్ధున్న కౌన్సిల్ ఏదీ కలలో కూడా చెయ్యనంత తెలివితక్కువదైతేనే నేను కొట్టెయ్యగలను. ఇది అంతదాకా రాలేదు," అన్నారు.

బయటికొచ్చాక బెరిల్ అనే తల్లి, "ఇంకా ఎంత దిగజారాలంట వీళ్ళు?" అని ఏడ్చింది.

"ఓపిక పట్టవే. మన కౌన్సిల్ మీద నాకు నమ్మకముంది," అన్నాను.

అందాకా తొమ్మిదింటికి కోటూ బోర్డూ లేకుండా, ఉత్త ముసలిదానిలా రోడ్డు దాటుతున్నాను. మోకాళ్ళ నొప్పుల వల్ల చాలా నెమ్మదిగా నడుస్తాను. పిల్లలు నా వెంట వస్తారు. దాని మీద మీరింకా తీర్మానం చెయ్యలేదు కదా.

నిన్న మా మీద ఆపకుండా హారన్ కొట్టిన నల్ల కారు మీదే. అప్పుడు నా చెయ్యి పట్టుకుని దాటుతున్నది మీ మనవరాలు.

ఇట్లు,
బాతుల కాపరి